మనుషుల పడకలు – 9: విమానం సీటు నుంచి పరిగి మిద్దె దాకా

హిందూపురం పక్క మండలం పరిగి. జయమంగళి ఏరు పెన్నాలో కలిసేది ఈ చుట్టుపక్కలే. చెరువు కింద వరి మళ్లు, మెట్టన మల్బరీ, వేరుశనగ చేలు, పట్టుపురుగుల షెడ్లు, వాటి నడుమ పాత మట్టి మిద్దెలూ కొత్త సిమెంటు మిద్దెలూ. ఈ ఊళ్లలో ఆడపిల్లకు పెళ్లి చేస్తే సామానులో మంచం, పరుపు, బీరువా ఉండి తీరాలి. ఓ తరం వెనక ఆ పరుపంటే దూది పరుపే. గుడ్డ కొని, దూది కొని, దగ్గరుండి కుట్టించుకునేవాళ్లు. ఇప్పుడు ఫోన్‌లో నొక్కితే బెంగళూరు నుంచి అట్టపెట్టె వచ్చి గుమ్మం ముందు దిగుతోంది. పరుపును గాలి తీసేసి గట్టిగా చుట్టి పెట్టెలో పెడతారు. ప్లాస్టిక్ కవరు కోయగానే బుస్సుమని గాలి పీల్చుకుంటూ కళ్లెదుటే లేస్తుంది. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి తలా ఒకసారి అరచేయి అదిమి చూస్తారు. ఐదు వేళ్ల అచ్చు పరుపులో దిగబడి, కాసేపు అట్లాగే నిలిచి, మెల్లమెల్లగా పూడుకుంటుంది. అదే మెమరీ ఫోమ్. ఇది నాసా వాళ్ల టెక్నాలజీ అని అమ్మేవాళ్లు చెబుతారు, కొన్నవాళ్లు ఇంటికి వచ్చినవాళ్లకు చెబుతారు.

గడిచిన భాగంలో నులకమంచం గురించి, చింతగింజల గంజి పట్టించి కురుబలు నేసే గొంగళి గురించి చెప్పుకున్నాం. ఈసారి నాసా మాట తేల్చుకోవాలి. అమెరికా దాకా పోయే ముందు దూదేకులవాళ్ల దగ్గర కాసేపు ఆగుదాం. కొత్త పరుపు మనకు ఏమిచ్చిందో, ఏం తీసుకుపోయిందో తెలియాలంటే పాత పరుపు ఎట్లా తయారయ్యేదో ముందు తెలియాలి.

విల్లు, కొడతి, దబ్బనం

రాయలసీమలో దూది ఏకడం దూదేకులవాళ్ల కులవృత్తి. కన్నడ సరిహద్దు ఊళ్లలో వీళ్లనే పింజారులంటారు. ఇస్లాం మతస్థులు, ఇంట్లో మాట్లాడేది తెలుగు, పీర్లచావిడి దగ్గరా ఊరి జాతరలోనూ రెండుచోట్లా కనిపిస్తారు. పోతులూరి వీరబ్రహ్మంగారి ప్రియశిష్యుడు సిద్దయ్య ఈ కులంలోనే పుట్టాడు. బ్రహ్మంగారి కథ తెలిసిన ప్రతి ఊరికీ దూదేకుల సిద్దయ్య పేరు తెలుసు.

పని ఎండాకాలంలో ఎక్కువ. చేలల్లో పనులుండవు, పెళ్లిళ్లు దగ్గర పడుతుంటాయి, ఎండకు దూదిలో తేమ ఆరిపోతుంది. విల్లు భుజాన వేసుకొని వీధిలోకి వచ్చి, "పరుపు ఏకిస్తారామ్మా?" అని ఓ కేక వేస్తే, "ఎంత తీసుకుంటావప్పా?" అని లోపలినుంచి జవాబు వచ్చేది. బేరం కుదిరాక అరుగు మీదో, చింతచెట్టు కిందో పని మొదలు.

ముందు పరుపు కుట్లు విప్పి పాత దూది బయటికి లాగుతారు. అయిదారేళ్లు మనిషి బరువు మోసిన దూది అది. చెమట తాగి, తేమ తాగి, పోగు పోగుకు చిక్కుపడి ఉండలు కట్టి ఉంటుంది. దాన్ని చేత్తో చీల్చి నేల మీద పరుస్తారు. ఆ తర్వాత విల్లు. మనిషెత్తు కర్ర, దానికి బిగించిన పేగు నారి. ఎడమచేత్తో విల్లు పట్టి నారిని దూదికి ఆనించి, కుడిచేత్తో రెండు చివర్లూ లావుగా ఉండే చెక్క కొడతితో నారిని కొడతారు. కొట్టేది నారినే, దూదిని కాదు. నారి అదిరిన కొద్దీ దానికి అంటుకున్న దూది విడివడి పైకి ఎగురుతుంది. ఉండలో ఉన్న మట్టి, గింజల పెంకు బరువుకు కింద రాలిపోతాయి. పోగుల మధ్య గాలి చేరుతుంది. గంట కిందట గంపెడు ఉన్న దూది మూడు గంపలవుతుంది. మనిషి ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుంటాడు, అయినా సాయంత్రానికి కనుబొమ్మలు తెల్లబడతాయి. ఏళ్ల తరబడి ఆ నలుసు పీల్చి దగ్గు తెచ్చుకున్నవాళ్లు ఎందరో. ఈ పనిని తలుచుకొని మురిసిపోయే ముందు ఆ దగ్గు కూడా లెక్కలోకి తీసుకోవాలి.

దూది కూర్చడంలో ఒక నేర్పుంది. చారల గుడ్డ సంచిని తిరగేసి నేల మీద పరిచి, దాని మీద దూదిని సమంగా పొరలు పొరలుగా పేరుస్తారు. పేర్చి, గుడ్డతో సహా ఒక కొసనుంచి గట్టిగా చుట్టుకొస్తారు. చివరికి వచ్చాక సంచి మూతిని పట్టి తిరగదీస్తే దూదంతా పొర చెదరకుండా లోపలికి పోతుంది. ఇక సన్నటి బెత్తంతో మెల్లగా కొట్టి మూలమూలకూ సర్ది, దబ్బనంతో పై గుడ్డనుంచి కింది గుడ్డ దాకా జానెడు జానెడు దూరాన టాకాలు వేస్తారు. దూది ఒకచోటికి జరిగిపోకుండా పట్టి ఉంచేవి ఆ టాకాలే.

ఇంకొంచెం ఉన్నవాళ్లు బూరుగు దూది వాడేవాళ్లు. బూరుగు పోగు లోపల బోలుగా ఉంటుంది, పైన మైనపు పూత ఉంటుంది. నీళ్లు అంత తొందరగా పట్టవు. అందుకే పూర్వం పడవల మీద వాడే లైఫ్ జాకెట్లలోనూ దాన్ని కూరేవాళ్లు. నున్నగా ఉంటుంది కాబట్టి నూలు వడకడానికి పనికిరాదు, దిండుకు మాత్రం దాన్ని మించింది లేదు. కొన్నేళ్లకు పొడి అయిపోతుంది, అదే దాని లోపం.

దూది పరుపు మెత్తదనమంతా పోగుల మధ్య చిక్కిన గాలిదే. ఆ గాలి పోయినప్పుడల్లా మళ్లీ పట్టించాలి. దూది కొత్తది కొననక్కరలేదు, నాలుగు వీధుల అవతల ఉన్న మనిషిని పిలిస్తే చాలు. ఒకే దూది మీద అవ్వా, కూతురూ, మనవరాలూ పడుకున్న ఇళ్లున్నాయి. పరుపు పోయినప్పుడు కూడా దూది పోయేది కాదు. దిండ్లలోకి, పసిపిల్లల పక్కల్లోకి వెళ్లేది.

పోగుల నుంచి బుడగల్లోకి

పరుపులో గాలిని పోగులతో కాకుండా బుడగలతో పట్టాలన్న ఆలోచన మొదట రబ్బరు కంపెనీలో పుట్టింది. 1929లో ఇంగ్లండులోని డన్‌లప్ కంపెనీలో ఇ.ఎ. మర్ఫీ అనే రసాయన శాస్త్రవేత్త రబ్బరు పాలను వంటింటి మిక్సర్‌తో నురగ వచ్చేదాకా చిలికి, ఆ నురగను గట్టిపరిచాడు. సినిమా హాళ్ల కుర్చీలకూ, బస్సు సీట్లకూ అది నచ్చింది. మంచిదే, కాని ఖరీదు.

అసలు మలుపు జర్మనీలో. 1937లో లెవర్‌కుజెన్‌లో ఒట్టో బేయర్ బృందం పాలియురెథేన్ కనుక్కుంది. రెండు ద్రవాలను కలిపితే అవి ఒకదాన్నొకటి పట్టుకొని పొడవాటి గొలుసులుగా గట్టిపడతాయి. అందులో కాస్త నీరు తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుట్టి, గట్టిపడుతున్న ద్రవమంతా ఇడ్లీపిండిలా పొంగుతుంది. పొంగు ఆగేసరికి బుడగల గోడలు ఆరిపోయి ఉంటాయి. 1950ల మధ్యనుంచి ఈ పద్ధతిలో మెత్తటి నురగ దిమ్మలు ఫ్యాక్టరీల్లో పొడవాటి కడ్డీల్లా పోసి, కావలసిన మందానికి కోసి అమ్మడం మొదలైంది. మనం స్పాంజి అని పిలిచేది ఇదే. చవక, తేలిక, ఏకే పని లేదు. కాని దానికి ఒక గుణముంది: అదిమి వదిలితే అంతే వేగంతో ఎగిరి వస్తుంది. ఎంత బరువు పెడితే అంత ఎదురు తన్నుతుంది.

ఆ ఎగిరే గుణాన్ని తగ్గించాల్సిన అవసరం పడకగదిలో రాలేదు. విమానంలో వచ్చింది.

చార్లెస్ యోస్ట్ చేసిన సీటు

చార్లెస్ యోస్ట్ అమెరికా విమాన ఇంజనీరు. 1962లో చంద్రుడి యాత్ర కోసం తయారవుతున్న అపోలో కమాండ్ మాడ్యూల్, అంటే వ్యోమగాములు తిరిగి భూమికి దిగే గది, దాన్ని క్షేమంగా దించే ఏర్పాట్ల మీద పనిచేశాడు. ఆ అనుభవం చూసే 1966లో నాసాకు చెందిన కాలిఫోర్నియాలోని ఏమ్స్ పరిశోధన కేంద్రం పనిలోకి అతన్ని తీసుకున్నారు. ఏమ్స్‌లో ఆ పని చూస్తున్నవాడు చిహారు కుబొకావా. వాళ్లకు అప్పజెప్పింది విమానం సీటు. గంటల తరబడి కూర్చున్నా ఒళ్లు నొప్పి పుట్టకూడదు. విమానం కూలితే లోపలున్న మనిషి బతికి బయటపడాలి.

మామూలు స్పాంజితో రెండోది కుదరదు. నేలను తాకిన ఊపులో మనిషి సీటులోకి దిగబడతాడు, స్పాంజి ఆ శక్తినంతా దాచుకొని మరుక్షణం తిరిగి విసురుతుంది. వెన్నుపూసకు రెండు దెబ్బలు. యోస్ట్ తయారుచేసిన నురగ ఆ శక్తిని తిరిగి ఇవ్వదు. దాని గొలుసులు ఒకదానిమీద ఒకటి రాసుకుంటూ నెమ్మదిగా జరుగుతాయి, ఆ రాపిడిలో దెబ్బ వేడిగా మారి లోపలే ఇంకిపోతుంది. బరువు తీశాక కొన్ని సెకన్లు తీసుకొని మళ్లీ మొదటి ఆకారానికి వస్తుంది. నాసా కాగితాల్లో దీని పేరు టెంపర్ ఫోమ్.

రాకెట్‌లో ఎగిరే వ్యోమగాములు పడుకోవడానికి చేసిన పరుపు ఇదని ప్రకటనల్లో వినిపిస్తుంటుంది. అది నిజం కాదు. పుట్టింది విమానం సీటు కోసం. నాసా సొమ్ముతో, నాసా కేంద్రం పనిగా పుట్టిందన్నంతవరకు నిజం. నాకైతే అసలు కథే ఎక్కువ గొప్పగా తోస్తుంది. ఆకాశానికి ఎగిరేవాడి వైభవం కోసం కాదు, కూలిపోతున్న విమానంలో పేరూ ఊరూ తెలియని ప్రయాణికుడి వెన్నెముక కోసం ఇద్దరు ఇంజనీర్లు చేసిన పని అది.

ఈ నురగకు ఇంకో గుణముంది, పరుపుగా మారడానికి అదే దారి వేసింది. ప్రతి ప్లాస్టిక్‌కూ గట్టితనం పోయి మెత్తబడే ఒక ఉష్ణోగ్రత ఉంటుంది. మామూలు స్పాంజికి అది సున్నాకు ఎంతో కింద, కాబట్టి మన ఇళ్లలో అది ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. మెమరీ ఫోమ్‌కు ఆ హద్దును గది వేడికి దగ్గరగా తెచ్చారు. అందుకే ఒంటి వేడి తగిలినచోట కరిగినట్టు దిగుతుంది, తగలనిచోట నిలబడి ఉంటుంది. భుజం, తుంటి, మడమ లోతుగా దిగితే, నడుము కింద ఖాళీ నిండుతుంది. బరువు నాలుగు ఎముకల మీద కాకుండా ఒళ్లంతా పరుచుకుంటుంది. పుష్యమాసం చలిలో పొద్దున్నే ముట్టుకుంటే పరుపు గట్టిగా ఉందని హిందూపురం వైపు కొన్నవాళ్లు అంటుంటారు. పరుపు పాడైందేమోనని కంగారు పడనక్కరలేదు, దాని స్వభావమే అంత.

1967లో యోస్ట్ నార్త్ కరొలైనాలో డైనమిక్ సిస్టమ్స్ అనే సొంత కంపెనీ పెట్టుకున్నాడు. 1970ల్లో డాలస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ జట్టు హెల్మెట్లలో ఈ నురగ చేరింది. కృత్రిమ కాళ్లకు లోపలి మెత్తగా, చక్రాల కుర్చీల్లో, గుర్రపు జీనుల్లో వాడారు. ఇంటి మంచం దాకా మాత్రం చాలా ఏళ్లు రాలేదు. తయారీ కష్టం, ఒకసారి వచ్చినట్టు ఇంకోసారి రాదు. 1980ల మొదట్లో నాసా ఈ విద్యను అందరికీ వదిలేసింది. దాన్ని పట్టుకొని ఓపిగ్గా చక్కదిద్దింది స్వీడన్‌కు చెందిన ఫాగర్‌డాలా అనే నురగ కంపెనీ. 1991లో టెంపూర్ పేరుతో స్వీడన్‌లో పరుపు అమ్మకానికి పెట్టారు. మరుసటి ఏడే అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో టెంపూర్-పెడిక్ కంపెనీ మొదలైంది. సీటు నుంచి మంచానికి పాతికేళ్లు పట్టింది.

పీచు, స్పాంజి, ఆ తర్వాత

మన దేశంలో దూదేకులవాళ్ల గిరాకీని మొదట తగ్గించింది మెమరీ ఫోమ్ కాదు, కొబ్బరిపీచు. 1962లో మణిపాల్‌కు చెందిన పాయ్ కుటుంబం కర్ణాటకలో మొదలుపెట్టిన కంపెనీయే తర్వాత కర్లాన్‌గా ఇంటింటి పేరైంది. పురి తిప్పిన పీచు మీద రబ్బరు పాలు చల్లి, అచ్చులో వేడిచేసి చేసే పరుపు అది. మరుసటి ఏడాది అలెప్పీలో డ్యూరోఫ్లెక్స్ వచ్చింది. 1971లో షీలా గౌతమ్ ఉత్తరాదిన షీలా ఫోమ్ పెట్టారు, స్లీప్‌వెల్ వాళ్లదే. ఆమె తర్వాత అలీగఢ్ నుంచి పార్లమెంటుకు కూడా వెళ్లారు. హైదరాబాదులో సెంచురీ 1988లో మొదలైంది. 2023లో షీలా ఫోమ్ కర్లాన్‌లో దాదాపు 95 శాతం వాటా కొనేసి, ఉత్తరాది స్పాంజినీ దక్షిణాది పీచునూ ఒకే యాజమాన్యం కిందికి తెచ్చింది.

2016లో బెంగళూరులో పుట్టిన వేక్‌ఫిట్ లాంటి కంపెనీలు అంగడి లేకుండా నేరుగా ఫోన్‌లో అమ్మడం మొదలుపెట్టాక మెమరీ ఫోమ్ పల్లెలకు దారి పట్టింది. అందులో పెద్ద కిటుకు, పరుపును పలుచగా అణిచి చుట్టేయడం. పీచు పరుపును అట్లా చుడితే విరుగుతుంది, దూది పరుపు అణిగితే తిరిగి లేవదు. నురగ ఒక్కటే తట్టుకుంటుంది. లారీలో పట్టేవాటికి ఎన్నో రెట్లు పరుపులు పడతాయి, పరిగి లాంటి చోటికి ఒక్క పరుపు పంపినా గిట్టుబాటవుతుంది.

కొనేవాళ్లు ఒకటి గమనించాలి. ఎనిమిది అంగుళాల మెమరీ ఫోమ్ పరుపులో మెమరీ ఫోమ్ సాధారణంగా పైన ఒకటి రెండు అంగుళాలే. కింద ఉండేదంతా గట్టి స్పాంజి, లేదా స్పాంజి తుక్కును జిగురుతో అతికించి ఒత్తిన దిమ్మ. మోసమేం కాదు, మొత్తం మెమరీ ఫోమే అయితే మనిషి దిగబడిపోతాడు. కాని పై పొర మందమెంత, ఘనపు మీటరుకు ఎన్ని కిలోల బరువు అని అడిగి తెలుసుకోవాలి. బరువు తక్కువైతే రెండేళ్లకే గుంట పడుతుంది.

పరిగి వాళ్లకు పాలియురెథేన్ ఇంకో దారిలోనూ ఎదురవుతోంది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం కుదిరి, 2019లో కార్లు బయటికి వచ్చాయి. ఈ చుట్టుపక్కల పిల్లలు ఎందరో కంపెనీ బస్సుల్లో ఆ దారిన పనికి పోతున్నారు. ఏ కారు సీటు తీసుకున్నా లోపలుండేది ఈ నురగే. రెండు ద్రవాలను అచ్చులో పోసి మూత వేస్తే నిమిషాల్లో సీటు ఆకారంలో పొంగి గట్టిపడుతుంది. దానికి మాత్రం ఎగిరే గుణం కావాలి, లేకపోతే మన రోడ్ల మీద గుంట గుంటకూ సీటు అడుగంటుతుంది. సీటు కోసం పుట్టిన నురగ పడకకు వెళ్లింది. సీట్లలో పాత స్పాంజి చుట్టమే నిలిచింది.

ఎండ

ఈ నేల మీద మెమరీ ఫోమ్‌కు అసలు పరీక్ష ఎండ. సముద్రమట్టానికి ఆరువందల మీటర్ల పైన ఉండటం వల్ల హిందూపురం, పరిగి రాత్రులు అనంతపురం అంత ఉడకవు. అయినా ఏప్రిల్, మే నెలల్లో సిమెంటు మిద్దె కింద మెమరీ ఫోమ్ మీద పడుకుంటే వీపు మండుతుంది. ఒంటిని గట్టిగా హత్తుకుంటుంది కాబట్టి గాలి ఆడదు, బుడగలు వేడిని కదలనివ్వవు. జెల్ కలపడం, బొక్కలు పెట్టడం లాంటి ఉపాయాలు కంపెనీలు చేస్తూనే ఉన్నాయి. కొంత మేలు, అంతే.

దానికి తోడు మన అలవాటొకటి ఉంది. పండగకు ముందు పరుపులు మిద్దెమీదికి ఎక్కించి ఎండబెట్టి, కర్రతో దులపడం. దూదికి అది ప్రాణం పోస్తుంది. తేమ పోతుంది, నల్లులు చస్తాయి, పోగులు విచ్చుకుంటాయి. నురగ పరుపుకు అదే పని చేస్తే ఎండలోని అతినీలలోహిత కిరణాలు గొలుసులను తెంచుతాయి. ముందు పసుపుపచ్చబడుతుంది, ఆ తర్వాత గోటితో గీకితే పొడి రాలుతుంది. నీళ్లు పోసి కడిగినా లోపలి తడి ఎన్ని రోజులకూ ఆరదు. నీడలో, గాలి తగిలేచోట నిలబెట్టి ఆరనివ్వడమే దానికి వైద్యం. కొత్త కోడలు ముచ్చటపడి తెచ్చుకున్న పరుపును అత్తగారు మంచి మనసుతోనే మిద్దె ఎక్కించి పాడుచేసిన ఇళ్లు తక్కువేం కాదు. తప్పు ఎవరిదీ కాదు. కొత్త వస్తువుతో పాటు దాని ఆచారం కూడా చెప్పి అమ్మాలి, తెలుగులో చెప్పి అమ్మాలి. పెట్టెలో వచ్చే కాగితం ఇంగ్లీషులో ఉంటే ఏం లాభం?

ఈ పరుపుకు నిజంగా చేతులెత్తి మొక్కాల్సిన చోటు ఒకటుంది. పక్షవాతం వచ్చో, తుంటి విరిగో నెలల తరబడి మంచం పట్టినవాళ్లు. ఎముక ఉబ్బెత్తుగా ఉన్నచోట బరువంతా పడితే చర్మంలోని సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి. ఆ నాళాల్లో పీడనం పాదరసం కొలతలో 32 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుందని 1930లోనే కొలిచారు. అంతకు మించి ఒత్తిడి గంటల తరబడి నిలిస్తే కండ చచ్చి పుండు పడుతుంది. ఉండలు కట్టిన దూది పరుపు మీద ఎందరో ముసలివాళ్లు అట్లా వీపు పుండ్లతో నరకం చూశారు. ఒత్తిడిని పరిచే ఈ నురగ వాళ్లకు ఊరట. రెండు గంటలకోసారి పక్క మార్చడం మాత్రం మానకూడదు, ఏ పరుపూ ఆ చేతి సాయానికి బదులు కాదు. నన్నడిగితే ఇంట్లో ఒక్క మెమరీ ఫోమ్ పరుపు కొనే శక్తే ఉంటే అది కొత్త దంపతుల గదిలోకి కాదు, పెద్దవాళ్ల మంచం మీదికి పోవాలి.

పది పన్నెండేళ్లకు నురగ గుంట పడ్డాక దాన్ని ఏం చేయాలి? ఏకడానికి లేదు, విప్పి కుట్టడానికి లేదు. గొలుసులు ఒకసారి ముడిపడ్డాక కరిగించి మళ్లీ పోయడానికీ వీల్లేదు. పట్నాల్లో తుక్కు వ్యాపారులు కొన్ని తీసుకెళ్లి తురిమి దిమ్మలు కడతారు. పల్లెలో చెరువుగట్టునో, కల్లం మూలనో పడుంటుంది. ఊళ్లో ఎవరి చేతికీ బాగుచేయడం రాని పరుపులు ఈ నురగవి. నాకు ఇందులో బాధ కలిగించేది పాత పరుపు పోవడం కాదు, బాగుచేసుకునే దారి పోవడం.

విల్లు చాలా ఊళ్లలో ఎప్పుడో అటక ఎక్కింది. కరెంటు మిషను వచ్చింది, దాన్ని టెంపోలో బిగించుకొని ఊరూరా తిరిగి పరుపులు ఏకే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. మిగతావాళ్లు బట్టల అంగళ్లకూ, తాపీ పనికీ, కూలికీ మళ్లారు. చేతివృత్తులవాళ్లకు శిక్షణ, పనిముట్లు, తక్కువ వడ్డీకి అప్పు ఇవ్వడానికి 2023 సెప్టెంబరు 17న కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం తెచ్చింది. అందులో 18 వృత్తులున్నాయి. చాపలు అల్లేవాళ్లున్నారు, కొబ్బరిపీచు నేసేవాళ్లున్నారు, చేపల వలలు అల్లేవాళ్లూ ఉన్నారు. దూది ఏకేవాళ్లు ఆ జాబితాలో లేరు. చేర్చమని అడగాల్సింది ఇప్పుడే, మిషను నడిపే చేతులు ఇంకా ఉండగానే.

(వచ్చే సంచికలో: దిండు)